ఆఫీసు వేళల్లో ఫిట్‌నెస్: మెట్లా, నడకా, నిలబడే టేబులా, జిమ్మా?

కూర్చుని చేసే ఉద్యోగంలో ఉన్నవాళ్లు ఫిట్‌నెస్ గురించి అడిగే ప్రశ్నలు చాలావరకు ఏదో ఒక వస్తువు చుట్టూనే తిరుగుతాయి. నిలబడి పనిచేసే టేబుల్ కొనొచ్చా? టేబుల్ కింద పెట్టుకునే పెడల్ మెషీన్ పనికొస్తుందా? చేతికి వాచ్ పెట్టుకుంటే కదలిక పెరుగుతుందా? వీటికి జవాబు చెప్పాలంటే ముందు మీ బాధేంటో తేలాలి. సాయంత్రానికి నడుం పట్టేస్తోందా? రెండంతస్తులు ఎక్కేసరికి రొప్పు వస్తోందా? బరువైన సంచి ఎత్తితే చేతులు వణుకుతున్నాయా? మొదటిది చాలావరకు గంటల తరబడి కదలకుండా ఉండటం వల్ల వచ్చేది. రెండోది గుండె, ఊపిరితిత్తుల సామర్థ్యానికి సంబంధించింది. మూడోది కండబలం. మూడింటికీ మందు ఒకటే అనుకుని, మొదటిదానికి పనికొచ్చే వస్తువు కొని, రెండోది తగ్గలేదని విసుగెత్తి, మొత్తం వదిలేస్తుంటారు చాలామంది.

అందుకే ఇక్కడ ఒక్కో మార్గాన్నీ ఈ మూడు పనులూ ఎంతవరకు చేస్తుందో చూస్తూ పోల్చుతున్నాను. నాలుగో లెక్క ఇంకోటుంది, మొహమాటం కొద్దీ ఎవరూ పైకి అనరు: చెమట. మూడింటికి మీటింగ్ ఉన్న మనిషి రెండున్నరకి చొక్కా తడుపుకోలేడు. ఆఫీసులో ఏ వ్యాయామం నిలుస్తుంది, ఏది రెండు వారాల్లో ఆగిపోతుంది అన్నది సగం ఇక్కడే తేలిపోతుంది.

ఎంత చేస్తే చేసినట్టు?

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం పెద్దవాళ్లు వారానికి 150 నుంచి 300 నిమిషాలు మధ్యస్థ శ్రమ గానీ, 75 నుంచి 150 నిమిషాలు గట్టి శ్రమ గానీ చేయాలి. దానికి తోడు వారంలో కనీసం 2 రోజులు ఒంట్లోని పెద్ద కండరాలన్నిటికీ పని చెప్పాలి. మధ్యస్థం అంటే మాట్లాడగలరు గానీ పాట పాడలేరు. గట్టిది అంటే నాలుగు మాటలకోసారి ఆగి ఊపిరి తీసుకోవాల్సి వస్తుంది. దీన్ని తెలుసుకోవడానికి ఏ మెషీనూ అక్కర్లేదు.

అదే సంస్థ 2010లో ఇచ్చిన మార్గదర్శకాల్లో ఒక షరతు ఉండేది: ఒక్కసారి మొదలుపెడితే కనీసం 10 నిమిషాలు ఆపకుండా చేస్తేనే లెక్కలోకి వస్తుందని. 2020లో ఆ షరతు తీసేశారు. కూర్చుని పనిచేసేవాళ్లకు ఇంతకన్నా మంచి వార్త లేదనే చెప్పాలి. రెండు నిమిషాలు మెట్లు, మూడు నిమిషాలు నడక, ఫోన్ మాట్లాడుతూ తిరిగిన నాలుగు నిమిషాలు, అన్నీ లెక్కలోకే వస్తాయి.

డబ్బు పెట్టి కొనేవి

నిలబడే టేబుల్‌తోనే మొదలుపెడదాం, అందరి కళ్లూ దానిమీదే కాబట్టి. కూర్చోవడం కంటే నిలబడటం వల్ల ఖర్చయ్యే అదనపు శక్తి నిమిషానికి 0.15 కేలరీ చుట్టుపక్కల ఉంటుందని వేర్వేరు అధ్యయనాలు కలిపి చూసిన లెక్క. 65 కిలోల మనిషి రోజుకు 6 గంటలు నిలబడితే 54 కేలరీలు. పావుగంట చురుకైన నడకతో దాదాపు అంతే ఖర్చవుతుంది. గుండె వేగం కొద్దిగా పెరుగుతుంది గానీ రొప్పు వచ్చే శ్రమేం కాదు. కండబలం పెరగదు. కాబట్టి బరువు తగ్గడానికో స్టామినా పెంచుకోవడానికో దీన్ని కొంటే నిరాశ తప్పదు.

మరి దేనికి? భంగిమ మార్చుకోవడానికి. నడుం, మెడ పట్టేసేవాళ్లకు ఇది నిజంగానే హాయి. కొనేటప్పుడు టేబుల్ మొత్తం పైకి లేచేది కొనాలా, ఉన్న టేబుల్ మీద పెట్టుకునే స్టాండ్ కొనాలా అన్నది మొదటి సందేహం. స్టాండ్ చవక, చోటు మాత్రం తినేస్తుంది. పైగా కీబోర్డూ స్క్రీనూ ఒకే కొలతలో కలిసి లేస్తే పొడగరులకు మెడ వంగిపోతుంది. మోచేయి లంబకోణంలో ఉన్నప్పుడు కీబోర్డ్ చేతికి అందాలి, స్క్రీన్ పై అంచు కంటి ఎత్తులో ఉండాలి. ఈ రెండూ విడివిడిగా సర్దుకోగలిగితేనే తీసుకోండి. చేత్తో తిప్పి లేపే రకం టేబుల్ నేనైతే వద్దంటాను. అన్నిసార్లు తిప్పే ఓపిక ఎవరికీ ఉండదు, కొన్నాళ్లకి అది మామూలు టేబులే అయిపోతుంది. బటన్ నొక్కితే పాత ఎత్తుకి తనే వచ్చే మోటారు రకం అయితే వాడతారు. షాపులోనే దాన్ని పూర్తి ఎత్తుకి లేపి, రెండు చేతులూ ఆనించి టైప్ చేసి చూడండి. స్క్రీన్ ఊగితే ఇంటికి తెచ్చాక ఆ ఊగుడే మిమ్మల్ని మళ్లీ కుర్చీలో కూర్చోబెడుతుంది.

ఇంకో జాగ్రత్త. రోజంతా నిలబడటం కూర్చోవడానికి మందు కానే కాదు. కాళ్లు పీకుతాయి, నడుం నొప్పి పుడుతుంది, పిక్కల్లో సిరలు ఉబ్బే సమస్య ఉన్నవాళ్లకి అది ఎక్కువవుతుంది. అరగంట నిలబడి, కాసేపు కూర్చుని, మధ్యలో నడిచి రావడం మేలు.

టేబుల్ కింద ట్రెడ్‌మిల్ సంగతి వేరు. దీనికి ప్రచారం తెచ్చినవాళ్లలో మేయో క్లినిక్‌లో పనిచేసిన డాక్టర్ జేమ్స్ లెవీన్ ముఖ్యుడు. వ్యాయామం అని పేరు పెట్టుకోకుండా రోజువారీ కదలికల్లో ఖర్చయ్యే శక్తి మనిషికీ మనిషికీ చాలా తేడాగా ఉంటుందన్నది ఆయన పరిశోధన. గంటకు రెండు, రెండున్నర కిలోమీటర్ల వేగంతో నడుస్తూ పనిచేస్తే కూర్చున్నప్పటితో పోలిస్తే దాదాపు రెట్టింపు శక్తి ఖర్చవుతుంది. మీటింగ్ వినడానికి, ఈమెయిళ్లు చదవడానికి బాగుంటుంది. మౌస్‌తో చేసే సూక్ష్మమైన పనికి, వేగంగా టైప్ చేయాల్సిన పనికి అడ్డం. పదిమంది కూర్చునే హాల్లో దాని చప్పుడు భరించే సహోద్యోగులు దొరకడం కష్టం. ఇంటి నుంచి పనిచేసేవాళ్లకే ఇది సరైన ఎంపిక.

పెడల్ మెషీన్ కొనే ముందు మీ టేబుల్ కింద మోకాలు పైకి వచ్చే చోటు కొలవండి. చాలా టేబుళ్ల కింద మోకాలు తగులుతుంది. దాంతో కుర్చీ వెనక్కి జరుపుతారు, అప్పుడు కీబోర్డ్ అందదు. చక్రాల కుర్చీ అయితే ప్రతి తొక్కుడికీ కొంచెం కొంచెం వెనక్కి జారిపోతూ ఉంటుంది. ఇవన్నీ తట్టుకున్నా వచ్చేది తేలికపాటి శ్రమే. మోకాళ్ల నొప్పితో నడవలేనివాళ్లకు మాత్రం ఇది ఎంతో కొంత సాయం.

కుర్చీకి బదులు పెద్ద రబ్బరు బంతి మీద కూర్చోవడం గురించి ఒక్క మాట చాలు: వద్దు. పొట్ట కండరాలు గట్టిపడేంత పని అక్కడ జరగదు, జారిపడే ప్రమాదం మాత్రం ఉంది.

నడక

కూర్చోవడాన్ని మధ్యమధ్యలో తెంచడానికి నడకను మించింది లేదు. కొలంబియా యూనివర్సిటీ పరిశోధకులు 2023లో 11 మందితో ఒక చిన్న అధ్యయనం చేశారు. 8 గంటలు కూర్చోబెట్టి, గంటకో అరగంటకో ఒకసారి నిమిషం గానీ అయిదు నిమిషాలు గానీ నడిపించి, ఏ పద్ధతిలో ఏమైందో చూశారు. ప్రతి అరగంటకూ 5 నిమిషాలు నడిచినప్పుడు, భోజనం తర్వాత రక్తంలో చక్కెర ఒక్కసారిగా పెరగడం రోజంతా కూర్చున్నప్పటితో పోలిస్తే సగానికి పైగా తగ్గింది. నడిచింది ఎంతైనా సరే, పై రక్తపోటు మాత్రం 4, 5 పాయింట్లు తగ్గింది. 11 మందే కాబట్టి దీన్ని శాసనంలా పట్టుకోనక్కర్లేదు. అయితే ఇదే దిశలో వచ్చిన పాత ఫలితాలు ఇంకా ఉన్నాయి.

ఇప్పుడు లెక్క చూడండి. అరగంటకు 5 నిమిషాలంటే 8 గంటల పనిలో 80 నిమిషాలు. ఏ మేనేజరూ ఊరుకోడు, మీ పని కూడా సాగదు. కాబట్టి బేరం ఆడుకోవాలి. గంటకోసారి రెండు నిమిషాలు లేవడం ఎక్కడైనా నడుస్తుంది. భోజనం అయ్యాక వెంటనే సీట్లో కూలబడకుండా 10, 15 నిమిషాలు నడవడం మాత్రం వదులుకోకండి. చక్కెర పెరిగే సమయమూ, అందరూ మిమ్మల్ని కాసేపు వదిలేసే సమయమూ అదే.

వేగం విషయంలో చాలామంది తమను తాము మోసం చేసుకుంటారు. కబుర్లాడుతూ కారిడార్‌లో వేసే నడక మంచిదే, కానీ అది మధ్యస్థ శ్రమ కిందికి రాదు. నిమిషానికి సుమారు 100 అడుగులు పడాలి. పది సెకన్లు లెక్కపెట్టి చూసుకోండి, 16, 17 అడుగులు పడితే సరే. రోజుకు పదివేల అడుగులు అన్న అంకె ఏదో ల్యాబ్‌లో తేలింది కాదు. 1965లో జపాన్‌లో అమ్మకానికి వచ్చిన ఒక అడుగుల మీటర్‌తో అది జనంలోకి వెళ్లింది. రోజుకు నాలుగు వేలు నడిచే మనిషి ఏడు వేలకు చేరడమే పెద్ద లాభం, పదివేలు కాలేదని టెన్షన్ పడే పనిలేదు.

నడుస్తూ మీటింగ్ పెట్టుకోమని చాలామంది సలహా ఇస్తారు. ఇద్దరైతే భేష్. ముగ్గురైతే ఒకరు ఎప్పుడూ వెనకబడిపోతూ 'ఏమన్నారు?' అంటూ ఉంటారు. నలుగురైతే ఊరేగింపే. స్క్రీన్ చూపించాల్సిన పని ఏదైనా ఉంటే అసలు కుదరదు. మీ బాస్‌తో వారానికోసారి జరిగే ముఖాముఖీ లాంటివాటికి ఇది పెట్టుకోండి.

ఇక నడక చేయలేనిదేంటి? ఇప్పటికే మామూలుగా నడవగలిగే మనిషికి నెమ్మది నడక వల్ల స్టామినా పెద్దగా పెరగదు. చేతులకు, భుజాలకు, వీపుకు దానివల్ల వచ్చే బలం ఏమీ లేదు.

మెట్లు

ఆఫీసులో ఉన్న మార్గాలన్నిటిలో నేను అన్నిటికంటే ముందు పెట్టేది ఇదే. ఇది ఫ్యాషన్‌గా వచ్చిన సలహా కూడా కాదు. లండన్‌లో జెరెమీ మోరిస్ అనే వైద్యుడు రెండంతస్తుల బస్సుల్లో పనిచేసేవాళ్లను పరిశీలించి 1953లో లాన్సెట్ పత్రికలో ఫలితాలు ప్రచురించాడు. డ్రైవర్ షిఫ్టంతా కూర్చుంటాడు. కండక్టర్ టికెట్ల కోసం రోజుకు కొన్ని వందల మెట్లు ఎక్కి దిగుతాడు. కండక్టర్లకు గుండె జబ్బు డ్రైవర్ల కంటే తక్కువగా వచ్చింది, వచ్చినా ప్రాణం మీదికి రావడం తక్కువ. అయితే డ్రైవర్ ఉద్యోగానికి చేరేవాళ్లు మొదటినుంచీ లావుగా ఉన్నారేమో అన్న అనుమానం మోరిస్‌కే వచ్చింది. అందుకని కంపెనీ ఇచ్చే యూనిఫాం ప్యాంటుల నడుం కొలతలు తెప్పించి చూశాడు. డ్రైవర్ల నడుములు నిజంగానే పెద్దవి. 1956లో అదీ ప్రచురించాడు. తన ఫలితాన్ని తనే ఇలా గీకి చూసుకున్న మనిషి కాబట్టి ఆయన మాట మీద నాకు గురి. ఆ తర్వాత దశాబ్దాల్లో వచ్చిన అధ్యయనాలు కూడా శారీరక శ్రమ గుండెకు మేలు చేస్తుందనే చెప్పాయి.

కేలరీల కోసమైతే మెట్లు ఎక్కకండి. 70 కిలోల మనిషి 3 మీటర్ల ఎత్తున్న ఒక అంతస్తు ఎక్కితే భూమ్యాకర్షణకు ఎదురుగా చేసే పని అర కేలరీ మాత్రమే. శరీరం తను ఖర్చు చేసే శక్తిలో నాలుగో వంతో అయిదో వంతో పనిగా మార్చగలదు కాబట్టి అసలు ఖర్చు రెండు, రెండున్నర కేలరీలు. పది అంతస్తులకు పాతిక. మెట్లలో ఉన్న గొప్ప వేరే. మామూలు మనిషిని అర నిమిషంలో గట్టి శ్రమలోకి తీసుకెళ్లే పరికరం ఆఫీసులో ఇంకోటి లేదు.

దీన్ని కెనడాలోని మెక్‌మాస్టర్ యూనివర్సిటీవాళ్లు రెండు రకాలుగా పరీక్షించారు. 2017 నాటి అధ్యయనంలో వ్యాయామం అలవాటు లేని మహిళల చేత 20 సెకన్లపాటు శక్తికొద్దీ మెట్లు ఎక్కించారు. మధ్యలో విరామం ఇస్తూ అలా 3 సార్లు, వారానికి 3 రోజులు, 6 వారాలు. ముందు ఒళ్లు వేడెక్కించడం, చివర్లో నెమ్మదించడం కలిపి ఒక్కోసారికి 10 నిమిషాలు. ఒళ్లు ఆక్సిజన్ వాడుకునే గరిష్ఠ సామర్థ్యం సుమారు 12 శాతం పెరిగింది. 2019లో ఇంకో రకంగా చేశారు: 60 మెట్లు వేగంగా ఎక్కడం, రోజుకు 3 సార్లు, ఒక్కోదానికి మధ్య కొన్ని గంటల ఎడం. ఇదీ వారానికి 3 రోజులే, 6 వారాలే. పెరుగుదల 5 శాతం చుట్టుపక్కల. అంటే ఒకేచోట గుచ్చి చేస్తే లాభం ఎక్కువ, చెదురుమదురుగా చేస్తే తక్కువ, కానీ సున్నా కాదు. రెండో పద్ధతికి బట్టలు మార్చుకునే పనిలేదు. ఒళ్లు వేడెక్కి చెమట పట్టేలోపే ఎక్కడం అయిపోతుంది. మన నాలుగో లెక్కలో మెట్లు గెలిచేది ఇక్కడే.

2022లో నేచర్ మెడిసిన్ పత్రికలో వచ్చిన ఒక పెద్ద పరిశీలన కూడా ఇదే వైపు చూపిస్తుంది. తమకు వ్యాయామం చేసే అలవాటు లేదని చెప్పిన 25 వేల మందికి పైగా బ్రిటన్‌వాసుల చేతికి కదలికలు కొలిచే పరికరం కట్టి, ఆ తర్వాత ఏళ్ల తరబడి గమనించారు. రోజువారీ పనుల్లో భాగంగానే ఒకటి రెండు నిమిషాల గట్టి శ్రమ రోజుకు మూడుసార్లు చేసినవాళ్లలో మరణాలు దాదాపు 40 శాతం తక్కువ. ఇది గమనింపే గానీ ప్రయోగం కాదు. ఆరోగ్యంగా ఉన్నవాళ్లే చురుగ్గా కదిలి ఉండొచ్చు కూడా. అయినా మెక్‌మాస్టర్ ప్రయోగాల పక్కన పెట్టి చూస్తే కొట్టిపారేయలేం.

ఎలా మొదలుపెట్టాలి? ముందు మెట్ల దారి చూసి రండి. చాలా భవనాల్లో మెట్ల వైపు నుంచి తలుపు తెరుచుకోదు, కార్డు కావాలి. మొదటిరోజే తలుపు బయట చిక్కుకుని కింద దాకా దిగి రావడం ఎవరికీ ఉత్సాహం ఇవ్వదు. లైట్లు సరిగా ఉన్నాయా, మలుపుల దగ్గర అట్టపెట్టెలు పేర్చి ఉన్నాయా చూసుకోండి. మొదటి వారం ఒకటి రెండు అంతస్తులు, మామూలు వేగంతో, రోజుకు రెండుసార్లు. పాదం సగానికి పైగా మెట్టు మీద ఆనాలి, వేళ్ల మీద ఎక్కితే పిక్కలు పట్టేస్తాయి. మడమ మీద ఒత్తి లేస్తే తొడ వెనక, పిరుదుల కండరాలు పనిచేస్తాయి. ఒళ్లు కొంచెం ముందుకు, నడుం దగ్గర కాకుండా తుంటి దగ్గర వంచి. పైకి చేరాక ఒక పొడుగాటి వాక్యం ఆపకుండా చెప్పగలిగితే తర్వాతి వారం ఇంకో అంతస్తు కలపండి, లేదా అవే అంతస్తులు ఇంకొంచెం వేగంగా ఎక్కండి.

దిగడానికి లిఫ్ట్ వాడితే ఎవరూ తప్పు పట్టరు. దిగేటప్పుడు మోకాలి చిప్ప మీద ఒత్తిడి ఎక్కువ, తొడ కండరాలు సాగుతూ బరువు ఆపాలి కాబట్టి అలవాటు లేనివాళ్లకు మర్నాడు తొడలు సలుపుతాయి. ఎత్తు మడమల చెప్పులతో, చేతిలో కాఫీ కప్పుతో, ఫోన్ చూస్తూ దిగడం అసలు వద్దు.

ఛాతీలో నొప్పి, కళ్లు తిరగడం, అదుపులో లేని బీపీ, తెలిసిన గుండె జబ్బు ఉన్నవాళ్లు డాక్టర్‌ని అడగకుండా ఈ గట్టి శ్రమ జోలికి పోకూడదు. మోకాళ్లు అరిగినవాళ్లకు చురుకైన నడకే మంచిది.

బలం మాటేంటి?

మెట్ల వల్ల కాళ్లకు ఎంతో కొంత బలం వస్తుంది. నడుం పైభాగానికి ఏమీ రాదు. దీనికోసం వారానికి రెండు రోజులు, ఓ పావుగంట కేటాయిస్తే చాలు. ఖాళీగా ఉన్న మీటింగ్ రూమ్ ఒకటి మీ పేరు మీద బుక్ చేసుకోండి, ఎవరూ తలుపు తోసుకుని రారు.

ఒంటి బరువుతో చేసేవా, రబ్బరు బ్యాండా, డంబెల్సా? డంబెల్స్ మంచివే, కానీ డ్రాయర్‌లో పట్టవు, కింద పెడితే చప్పుడు, ఎవరో ఒకరి కాలికి తగులుతాయి. ఒంటి బరువుతో టేబుల్ అంచుకు చేతులు ఆనించి తీసే పుషప్స్, కుర్చీ అంచును తాకి లేచే బస్కీలు చక్కగా కుదురుతాయి. చక్రాలున్న టేబుల్ మీద, చక్రాల కుర్చీ మీద మాత్రం వీటిని చేయకండి. గోడకు ఆనుకున్న కౌంటర్‌నో, నాలుగు కాళ్ల కుర్చీనో చూసుకోండి. ఒంటి బరువుతో ఆఫీసులో కుదరనిది ఒకటే, తనవైపుకి లాగే కదలిక. రోజంతా ముందుకు వంగి కూర్చునేవాళ్లకు వీపు, భుజాల వెనక కండరాలకే పని కావాలి. కాబట్టి ఒక్క వస్తువే కొనాలంటే నా ఓటు రబ్బరు బ్యాండ్‌కి. కాళ్లు చాపి కూర్చుని, పాదాల చుట్టూ వేసి, మోచేతులు పక్కటెముకలను రాసుకుంటూ వెనక్కి వెళ్లేలా లాగండి. భుజాలు చెవుల దగ్గరికి లేవకూడదు. వాడే ముందు ప్రతిసారీ బ్యాండ్‌ని సాగదీసి వెలుతురులో చూడండి, సన్నని చీలిక కనిపిస్తే పారేయండి. తెగి మొహానికి తగిలితే కన్ను పోయే ప్రమాదం ఉంది.

ఎన్నిసార్లు? ఇంకో రెండు మూడు సార్లు మాత్రమే చేయగలం అనిపించేదాకా. పన్నెండుసార్లు సునాయాసంగా వస్తుంటే గట్టి బ్యాండ్‌కి మారాలి, పుషప్స్ అయితే ఇంకా తక్కువ ఎత్తు అంచుకి మారాలి. నెలల తరబడి అదే బ్యాండ్, అదే లెక్క అయితే ఒళ్లు ఎక్కడ ఉన్నది అక్కడే ఉంటుంది.

భోజన విరామంలో జిమ్

కాగితం మీద బాగుంటుంది. వెళ్లడానికి 8 నిమిషాలు, బట్టలు మార్చడానికి 5, వ్యాయామం 25, స్నానానికి 10, తిరిగి రావడానికి 8. మొత్తం 56. ఇంకా తినలేదు. లిఫ్ట్ దగ్గర ఎవరో ఆపి అర్జెంట్ అంటే అదీ పోయింది. జిమ్ మీ భవనంలోనే ఉండి, ఆ గంట నిజంగా మీ చేతిలో ఉంటే తప్ప దీన్ని నమ్ముకోకండి. అలా ఉంటే మాత్రం బలం పెంచుకోవడానికి దీన్ని మించింది లేదు. వారానికి రెండు రోజులు అక్కడ బరువులు ఎత్తి, మిగతా రోజులు మెట్లూ నడకా చూసుకోవచ్చు. కడుపు నిండా తిని గంట కూడా కాకుండా బరువులు ఎత్తే పని పెట్టుకోకండి.

ఆఫీసుకు వచ్చే దారిలో కొంత నడవడమో సైకిల్ తొక్కడమో కుదిరితే 150 నిమిషాల్లో సగం పని గుమ్మం దాటకముందే అయిపోతుంది. దూరం, ట్రాఫిక్ కలిసి రావాలి, అంతే.

మీ రోజును బట్టి ఏది?

హెడ్‌సెట్ తగిలించుకుని కాల్స్ తీసుకునేవాళ్లు సీటు వదిలి వెళ్లలేరు. నిలబడే టేబుల్ నిజంగా అవసరమైనది వీళ్లకే. కాల్‌కీ కాల్‌కీ మధ్య మడమలు ఎత్తి దించడం, ఎనిమిది బస్కీలు తీయడం, విరామం దొరికినప్పుడు మెట్లు.

మీటింగుల మీద మీటింగులు ఉండేవాళ్లు ప్రతి మీటింగ్‌నీ 5 నిమిషాలు ముందే ముగించేలా క్యాలెండర్ సెట్టింగ్ మార్చుకోవాలి. చాలా క్యాలెండర్లలో ఆ సదుపాయం ఉంది. ఆ అయిదు నిమిషాలే మీ మెట్లు. ఇంకేదీ ప్రయత్నించకండి, నిలవదు.

తమ పని తాము సర్దుకోగలిగేవాళ్లు, అంటే కోడ్ రాసేవాళ్లు, లెక్కలు చూసేవాళ్లు లాంటి వాళ్లకు మూడూ కుదురుతాయి: భోజనం తర్వాత నడక, ఉదయం, మధ్యాహ్నం, సాయంత్రం ఒక్కో విడత మెట్లు, రెండు రోజులు బ్యాండ్. వీళ్లకు వచ్చే చిక్కల్లా పనిలో మునిగి మూడు గంటలు లేవకపోవడం. అలారం పెట్టుకుంటే మొదట్లో లేస్తారు, తర్వాత చెయ్యి దానంతటదే ఆపేస్తుంది. దానికంటే చిన్న గ్లాసుతో నీళ్లు తాగడం నయం, గ్లాసు ఖాళీ అయినప్పుడల్లా లేవక తప్పదు.

ఎంత ప్రయత్నించినా ఆఫీసులో ఏమీ కుదరని వాళ్లు కూడా ఉంటారు. వాళ్లు సాయంత్రమో తెల్లవారుజామునో సమయం చూసుకోవాలి. 2016లో లాన్సెట్‌లో పది లక్షల మందికి పైగా మనుషుల సమాచారం కలిపి చేసిన విశ్లేషణ వచ్చింది. రోజుకు 8 గంటలకు మించి కూర్చునేవాళ్లలో కూడా, రోజూ 60 నుంచి 75 నిమిషాలు మధ్యస్థ శ్రమ చేసేవాళ్లకు కూర్చోవడం వల్ల పెరగాల్సిన మరణ ప్రమాదం దాదాపు కనిపించలేదు. గంటకు పైగా అంటే చిన్న విషయం కాదు, కానీ దారి మూసుకుపోలేదు.

ఇంటి నుంచి పనిచేసేవాళ్ల పరిస్థితి అన్నిటికంటే విచిత్రం. చూసేవాళ్లు లేరు, చెమట సమస్య లేదు, అయినా కదలిక అన్నిటికంటే తక్కువ, ఎందుకంటే మంచం నుంచి కుర్చీకి పది అడుగులే. ట్రెడ్‌మిల్ మీద డబ్బు పెట్టొచ్చు అనేది వీళ్లకే. కొత్తది కొనే ముందు సెకండ్‌హ్యాండ్‌లో చూడండి, పెద్దగా వాడకుండా మూలన పడేసినవి కొల్లలుగా అమ్మకానికి వస్తుంటాయి. వెళ్లి చూసినప్పుడు ఖాళీగా తిప్పి చూపిస్తే ఒప్పుకోకండి. మీరే ఎక్కి పది నిమిషాలు నడవండి. బెల్ట్ ఒక పక్కకి జరుగుతోందా, అడుగు పడినప్పుడు ఆగి జారుతోందా, ఆ చప్పుడులో ఫోన్‌లో అవతలివాళ్లకు మీ మాట వినిపిస్తోందా చూసుకుని అప్పుడు బేరం మొదలుపెట్టండి.